తలకిందుల మనిషి: ఒక టారో బొమ్మను చదివే తీరు

సభకు నమస్కారం.

బొమ్మల్లోని ప్రతీకల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, పాతిక బొమ్మల మీదుగా పరుగు తీయడం కంటే ఒకే ఒక్క బొమ్మ ముందు ఆగి దాన్ని ఓపికగా చూడడం మేలని నాకు తోచింది. అందుకే 78 ముక్కలున్న టారో పేకలోంచి 12వ అంకె వేసిన ముక్కను ఎంచుకున్నాను. ఇంగ్లీషులో దాని పేరు హ్యాంగ్డ్ మ్యాన్. తెలుగులో టారో చెప్పేవారు వేలాడే మనిషి అంటున్నారు. కార్డులతో భవిష్యత్తు తెలుస్తుందా, తెలియదా అనే వాదంలోకి ఈ సాయంత్రం నేను వెళ్లను. ఈ బొమ్మలో ఏముంది, అది అక్కడికి ఎలా చేరింది, ఎవరి చేతిలో ఎంత మారింది అనేవే నేను చూపదలచుకున్నవి. ముందే నా మాట చెప్పేస్తాను. ఈ మనిషి వేలాడే భంగిమ నాలుగున్నర శతాబ్దాల పాటు ఇంచుమించు చెక్కు చెదరలేదు. అతని ముఖం, అతన్ని కట్టిన కర్ర, అతని తల చుట్టూ ఉన్న వెలుగు మాత్రమే మారాయి. ఒక శిక్ష ధ్యానంగా మారడానికి ఆ మూడు మార్పులే చాలాయి.

తెరపై ఉన్న బొమ్మను ఒకసారి నిదానంగా చూడండి. ఇది 1909 డిసెంబరులో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ ప్రచురించిన పేకలోనిది. దీని వెనుక ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, గీసిన చెయ్యి పమేలా కోల్మన్ స్మిత్‌ది. ఒక నిలువు మాను, దాని కొసన అడ్డంగా ఒక దుంగ, రెండూ కలిసి ఇంగ్లీషు టీ అక్షరంలా ఉన్నాయి. ఆ అడ్డుదుంగకు ఆకులున్నాయి. దానికి కుడి చీలమండ దగ్గర తాడుతో కట్టిన ఒక యువకుడు తలకిందులుగా వేలాడుతున్నాడు. ఎడమ కాలు మోకాలి దగ్గర వంగి కుడి కాలి వెనక్కి వెళ్లింది. చేతులు వీపు వెనుక ఉన్నాయి, మోచేతులు మాత్రం రెండు పక్కలకూ బయటికి కనిపిస్తున్నాయి. నీలం అంగీ, ఎర్రటి కాళ్ల తొడుగులు, పసుపు చెప్పులు, తల చుట్టూ కిరణాలతో ఒక కాంతివలయం. ముఖంలో బాధ లేదు. వెనుక కొండ లేదు, ఊరు లేదు, చూడవచ్చిన జనం లేరు. బూడిదరంగు శూన్యం తప్ప మరేమీ లేదు. ఇంకొక్క సంగతి గమనించండి. నిజంగా తలకిందులుగా వేలాడేవాడి అంగీ అంచు ఛాతీ మీదికి జారాలి. ఇక్కడ అది జారలేదు, నిలబడ్డ మనిషి ఒంటిమీద ఉన్నట్టే కుదురుగా ఉంది. బరువు అనేది పనిచేయని లోకంలో ఈ మనిషి ఉన్నాడు. ఈ చిన్న వివరం దగ్గరకు చివర్లో మళ్లీ రావలసి ఉంటుంది.

టారో మొదట జోస్యం కోసం పుట్టలేదు. 1440 ప్రాంతంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా, ఫ్లోరెన్స్ వంటి నగరాల్లో, అది పేకాటగా మొదలైంది. అప్పటికే వాడుకలో ఉన్న నాలుగు రంగుల పేకకు, అంటే పాత్రలు, కత్తులు, కర్రలు, నాణేలు అనే నాలుగు జాతులకు, బొమ్మలు వేసిన ప్రత్యేకమైన ముక్కలను కలిపారు. అవి మిగతా ముక్కలన్నిటినీ కొట్టే శాశ్వతమైన తురుపు ముక్కలు. తత్త్వవేత్త మైకేల్ డమ్మెట్ ఈ ఆట చరిత్రను ఎంతో శ్రమతో తవ్వి తీశాడు. 18వ శతాబ్దం దాకా టారో ప్రధానంగా ఆటే అనడానికి ఆయన చూపిన ఆధారాలను కాదనడం కష్టం. మరి ఆటకు బొమ్మలు ఎందుకు? ఏ తురుపు ఏ తురుపును కొడుతుందో బొమ్మ చూడగానే గుర్తుండాలి. చక్రవర్తి కంటే పోపు పెద్ద, ప్రేమ కంటే మృత్యువు పెద్ద, అన్నిటికంటే తీర్పు రోజూ, లోకమూ పెద్దవి. బొమ్మలన్నీ ఆనాటి వారికి చర్చి గోడల మీద, ఊరేగింపుల్లో, కథల్లో బాగా తెలిసినవే. మన చిలక జోస్యంలో చిలక ముక్కుతో తీసిన ముక్క మీద ఆంజనేయుడు కనిపిస్తే, ఆయన ఎవరో, భుజాన ఉన్న ఆ కొండ ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1450లో మిలాన్ నివాసికి కాలికి తాడు కట్టి వేలాడదీసిన మనిషి కూడా అంత పరిచితుడే. అతను ఎవరని అడిగితే ఆ నివాసి క్షణం ఆలోచించకుండా ద్రోహి అని చెప్పి ఉండేవాడు. ఇటలీలో ఈ ముక్కకు వాడిన పాత పేర్లలో ద్రోహి అన్నది కూడా ఒకటి.

ఇప్పుడు రెండో బొమ్మ. మిలాన్ ప్రభువుల కుటుంబం కోసం 15వ శతాబ్దం నడుమ చేతితో చిత్రించిన పేకలోనిది. దాన్ని విస్కోంతి-స్ఫోర్జా పేక అంటారు. బొనిఫాచియో బెంబో అనే చిత్రకారుడికి దాన్ని ఆపాదిస్తారు. 78లో 74 ముక్కలు మిగిలాయి. వాటిలో 35 న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో ఉన్నాయి, మిగతావి ఇటలీలో బెర్గామోలో ఉన్నాయి. అచ్చొత్తిన బంగారు రేకు నేపథ్యం మీద ఒక కుర్రవాడు ఒక కాలితో వేలాడుతున్నాడు, మరో కాలు వంగి ఉంది, చేతులు వెనుక కట్టి ఉన్నాయి. తల చుట్టూ వెలుగు లేదు, వెనుక ఉన్న బంగారం ఆ పేకలో తురుపులన్నిటికీ ఉన్నదే. అంకె కూడా లేదు, ఎందుకంటే చేతితో గీసిన ఆ తొలి తురుపులకు అంకెలు వేయలేదు. భంగిమ మాత్రం మనం ఇందాక చూసిన భంగిమే.

ఈ భంగిమ ఎక్కడిది? ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ కార్డు గురించి చెప్పేవారిలో చాలామంది ఈ అధ్యాయాన్ని దాటవేస్తారు. 13వ శతాబ్దం రెండో సగం నుంచి 16వ శతాబ్దం తొలి దశకాల దాకా ఉత్తర, మధ్య ఇటలీ నగరాల్లో ఒక విచిత్రమైన శిక్ష అమలులో ఉండేది. రాజద్రోహం చేసి పారిపోయినవాడిని, అప్పులు ఎగ్గొట్టినవాడిని, దస్తావేజులు తారుమారు చేసినవాడిని పట్టుకోలేకపోతే, నగర పాలకులు అతని బొమ్మను న్యాయస్థానం గోడ మీద, అందరూ నడిచే దారిలో, పెద్దగా వేయించేవారు. కింద పేరు రాయించేవారు, చాలాసార్లు అతన్ని తిట్టే పద్యం కూడా చేర్పించేవారు. ఆ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే భంగిమ ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా వేలాడదీయడం. మనిషి దొరకకపోయినా అతని పరువు దొరుకుతుంది. పరువు మీదే అప్పు పుట్టే, పెళ్లి సంబంధం కుదిరే సమాజంలో ఇది మాటలతో పోయే అవమానం కాదు.

1440లో ఆంగియారి యుద్ధం తర్వాత ఫ్లోరెన్స్ వారు, ఆ నగరంలో చక్రం తిప్పే మెదిచీ కుటుంబపు శత్రువులను ఇలా చిత్రించే పనిని ఆంద్రేయా దెల్ కాస్తాన్యో అనే చిత్రకారుడికి అప్పగించారు. ఆ పని వల్ల ఆయనకు ఉరితీసినవాళ్ల ఆంద్రేయా అనే మారుపేరు అంటుకుంది, మరి వదల్లేదు. 1478లో పాట్సీ కుటుంబం వారు మెదిచీ సోదరుల మీద కుట్ర చేసి ఒకరిని చంపినప్పుడు, ఆ కుట్రదారుల బొమ్మలు వేసింది మనందరికీ తెలిసిన చిత్రకారుడు బొత్తిచెల్లి. అందుకు 40 ఫ్లోరిన్ల బంగారం ముట్టింది. ఆ గోడ మీద మెడకు ఉరితో ఉన్నవారు నిజంగా ఉరితీయబడినవారు. తప్పించుకుపోయిన నపోలియోనె ఫ్రాంచెసి అనే వ్యక్తిని మాత్రం ఒక కాలితో వేలాడదీసినట్టు చూపించారు. అంటే కాలి తాడు చనిపోయినవాడి గుర్తు కాదు, చేతికి చిక్కని బతికున్నవాడి గుర్తు. 1494లో మెదిచీలు నగరం విడిచి పోగానే ఆ బొమ్మలను చెరిపేశారు. 1529-30లో ఫ్లోరెన్స్ ముట్టడిలో ఉండగా పారిపోయిన సేనానులను చిత్రించే పని ఆంద్రేయా దెల్ సార్తోకు వచ్చినప్పుడు, తనకూ అలాంటి మారుపేరు వస్తుందని భయపడి, ఆ పని తన శిష్యుడు చేస్తున్నాడని చెప్పి, చుట్టూ తడికలు కట్టించుకుని రాత్రిపూట వెళ్లి గీశాడని ఆ కాలపు చరిత్రకారుడు వజారి రాశాడు. దాని కోసం సార్తో ఎర్ర సుద్దతో గీసుకున్న నమూనాలు ఉఫిజీ చిత్రశాలలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూస్తే మన కార్డులోని వంగిన కాలు రహస్య సంకేతంగా మొదలై ఉండదని నాకు అనిపిస్తుంది. ఒక్క కాలికే తాడు కట్టి మనిషిని ఎత్తితే, కట్టని కాలు ఎటో ఒకవైపు వంగి పడక తప్పదు. చిత్రకారులు ముందు చూసింది శరీరం బరువును. అర్థాలు ఆ తర్వాత వచ్చి చేరాయి.

ఈ కథకూ మిలాన్ పేకకూ ఒక గాఢమైన బంధం ఉంది. ఆ పేక ఎవరి ఇంటికోసం గీశారో ఆ ఫ్రాంచెస్కో స్ఫోర్జా 1450లో మిలాన్ డ్యూక్ అయ్యాడు. అతని తండ్రి ముజియో అత్తెందోలో స్ఫోర్జా కూలికి యుద్ధం చేసే సేనాని, కొటిన్యోలా అనే చిన్న ఊరివాడు. 1412లో ఆయన పోపు పక్షాన్ని విడిచి నేపుల్స్ రాజు లాడిస్లాస్ కొలువులో చేరినప్పుడు, అప్పటి పోపు పదవికి పోటీదారుల్లో ఒకడైన 23వ జాన్ మండిపడి, స్ఫోర్జాను కుడి కాలితో వేలాడదీసిన బొమ్మలను రోమ్ నగర ద్వారాల మీద, వంతెనల మీద వేయించాడు. వాటి కింద రాయించిన పద్యంలో స్ఫోర్జా తన నోటితోనే, తాను కొటిన్యోలా పల్లెటూరివాడిననీ, చర్చికి 12 ద్రోహాలు చేశాననీ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఈ 12కూ కార్డు మీది 12కూ సంబంధం అంటగట్టే ఆత్రం కలగవచ్చు. ఆనాటి తురుపులకు అంకెలే లేవని ఇప్పుడే అనుకున్నాం గనుక ఆ ఆత్రాన్ని అణచుకుందాం. కానీ సరిగ్గా ఇలాంటి బొమ్మతో తండ్రి పరువు తీసిన జ్ఞాపకం ఉన్న ఇంట్లో, బంగారు రేకు మీద అదే భంగిమను వేయించుకుని పేకాడారనేది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న విషయం. ఆ కుటుంబం ఏమనుకుందో ఏ కాగితమూ చెప్పదు. అయినా ఆ ముక్క చేతికి వచ్చినప్పుడు ఆ ఇంటి వారికి తమ తాతగారి పేరు తలపుకు రాలేదని నేను నమ్మలేను.

అదే శతాబ్దానికి చెందిన, పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న మరో పేకలో ఈ మనిషి రెండు చేతుల్లో రెండు డబ్బు సంచులు ఉన్నాయి. క్రైస్తవ సమాజంలో డబ్బు సంచి పట్టుకున్న ద్రోహి అంటే 30 వెండి నాణేలకు గురువును అప్పగించిన యూదా తప్ప ఇంకొకరు తలపుకు రారు. ఇలా తొలి శతాబ్దాల్లో ఈ బొమ్మలో ఎక్కడా త్యాగం లేదు, జ్ఞానం లేదు, ఎదురుచూపు లేదు. ఉన్నది ద్రోహమూ, దానికి బహిరంగంగా వేసిన శిక్షా. వరుసలో దీని తర్వాతి ముక్క మృత్యువు కావడం కూడా ఆ కథకు తగ్గట్టే ఉంది.

పేక ఇటలీ దాటి ఫ్రాన్స్‌కు వెళ్లింది. గోడల మీద అవమాన చిత్రాలు వేసే ఆచారం ఆగిపోయింది. మార్సేయ్ పద్ధతి అని పిలిచే అచ్చు పేకల్లో రెండు నిలువు మానుల నడుమ మనిషి వేలాడుతూనే ఉన్నాడు. ఆ మానులకు కొమ్మలు నరికేసిన మొద్దులు మాత్రం కనిపిస్తాయి, ఆకు ఒక్కటీ ఉండదు. బొమ్మ మిగిలింది, దాన్ని వివరించే కథ జనం తలపులోంచి జారిపోయింది. కథ పోగొట్టుకున్న బొమ్మ వేరే కథ కోసం వేచి ఉంటుంది. 1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు ఆ కొత్త కథను తెచ్చాడు. టారో అనేది ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమనీ, పేకాటగా వేషం మార్చుకుని బతికి బయటపడిందనీ ఆయన తన బృహద్గ్రంథంలో రాశాడు. ఈజిప్టు లిపిని చదవడం అప్పటికి ఎవరికీ రాదు గనుక కాదనేవారూ లేకపోయారు. 12వ ముక్క గురించి ఆయన చేసిన వాదన వినదగ్గది. నాలుగు ప్రధాన సద్గుణాల్లో న్యాయం, బలం, మితం అనే మూడూ టారోలో ఉన్నాయి. నాలుగోదైన వివేకం కనిపించడం లేదు. కనుక ఇదే వివేకం, ఒక కాలు ఎత్తి మరో అడుగు ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తూ నిలబడ్డ మనిషి అయి ఉంటాడు, తెలియని పేక తయారీదారు ఆ బొమ్మను తలకిందులు చేసి అచ్చు వేశాడు అన్నాడు.

చారిత్రకంగా ఇది నిలవదు. కానీ ఆయన కన్ను మంచి కన్ను అని ఒప్పుకోవాలి. ఆ ఫ్రెంచి అచ్చుబొమ్మను తిప్పి చూస్తే నిజంగానే ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిలా కనిపిస్తాడు, ఎందుకంటే ఆ చెక్కడాల్లోనూ బట్టలు కిందికి జారవు. ఆయన తర్వాత టారోను జోస్యానికి విస్తారంగా వాడి, పుస్తకాలు రాసి, సొంత పేక వేయించిన ఎతేయా, ఈ స్థానంలో వివేకాన్నే బొమ్మగా పెట్టేశాడు. పేక ఆట ముక్కలు జోస్యపు కార్డులుగా పేరు మోయడం ఆ కాలంలోనే మొదలైంది. 1909 పేకకు వివరణ రాస్తూ వెయిట్ ఈ కార్డు వివేకానికి చిహ్నమన్న మాటను తప్పుడు పేరుగా తోసిపుచ్చాడు. అయితే అదే పుస్తకంలో జోస్యం చెప్పేవారి కోసం ఇచ్చిన అర్థాల పట్టీలో ఈ కార్డు కింద జ్ఞానం, ముందుచూపు, విచక్షణ, పరీక్షలు, త్యాగం, స్ఫూర్తి, భవిష్యవాణి అని వరుసగా పెట్టాడు. ముందున్న ముందుచూపు, విచక్షణ ఎక్కడివి? జెబ్లాఁ ఊహించిన వివేకపు నీడలే అవి అని నేను అనుకుంటాను. ఈ రోజు ఎవరైనా టారో చెబుతూ ఈ కార్డు చూపి, తొందరపడకండి, ఆచితూచి అడుగు వేయండి అని సలహా ఇస్తే, ఆ సలహాలో 1781 నాటి ఒక పొరపాటు ఇంకా బతికే ఉంది. పొరపాటు నుంచి వచ్చినంత మాత్రాన సలహా పనికిరానిదని నేను అనను. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేవారికి తెలిసి ఉండాలి.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఎలిఫాస్ లెవీ అనే మార్మిక విద్యల రచయిత 22 తురుపులను 22 హీబ్రూ అక్షరాలతో జతకట్టాడు. ఆ జతలను మార్చి, కూర్చి ఒక పెద్ద వ్యవస్థగా చేసినది 1888లో లండన్‌లో ఏర్పడిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం. వారి లెక్కలో ఈ కార్డుకు మెమ్ అనే అక్షరం, నీరు అనే తత్త్వం దక్కాయి. ఇప్పుడు స్మిత్ గీసిన బొమ్మను మళ్లీ చూడండి. రెండు మోచేతులనూ, కింద వేలాడే తలనూ గీతలతో కలిపితే కొస కిందికి ఉన్న త్రిభుజం వస్తుంది. రసవాదుల గుర్తుల్లో అది నీటికి చిహ్నం. ఆ త్రిభుజం పైన కాళ్లు శిలువలా ఉన్నాయి. వెయిట్, స్మిత్ ఇద్దరూ ఆ సంఘంలో సభ్యులే గనుక ఈ ఆకారాలు వారికి తెలియనివి కావు. వెయిట్ తన మాటల్లో మాత్రం వధ్యస్తంభం టౌ శిలువ, అంటే ఇంగ్లీషు టీ అక్షరంలాంటి శిలువ ఆకారమనీ, కాళ్ల అమరిక ఫిల్‌ఫాట్ శిలువ, అంటే మన స్వస్తికను పోలిన ఆకారమనీ చెప్పి, ఆపై మూడు విషయాలు గమనించమన్నాడు: ఆ మాను ఆకులతో ఉన్న సజీవమైన చెట్టు, ఆ ముఖంలో ఉన్నది బాధ కాక గాఢమైన తన్మయత్వం, ఆ మొత్తం బొమ్మ సూచించేది ఆగి ఉన్న జీవితాన్నే గాని మరణాన్ని కాదు. దైవానికీ విశ్వానికీ ఉన్న సంబంధంలో ఒక ముఖాన్ని ఇది చూపుతుందని అంతటితో ఆపేశాడు.

ఆ మూడు సూచనలనూ కాగితం మీద బొమ్మగా నిలబెట్టిన కళాకారిణికి ఈ పేక పేరులో చాలాకాలం చోటు లేదు. ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు కలిపి రైడర్-వెయిట్ పేక అన్నారు, నేటికీ చాలామంది అలాగే అంటున్నారు. దయచేసి స్మిత్ పేరు కూడా కలిపి చెప్పండి. పమేలా కోల్మన్ స్మిత్ 1878లో లండన్‌లో పుట్టింది, బాల్యంలో కొన్నేళ్లు జమైకాలో పెరిగింది, న్యూయార్క్‌లోని ప్రాట్ విద్యాసంస్థలో బొమ్మలు నేర్చింది, లండన్‌లోని లైసియం నాటక బృందంతో తిరిగి రంగస్థలపు పనులు చేసింది. ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1907లో న్యూయార్క్‌లో తన చిత్రశాలలో ఆమె బొమ్మలను ప్రదర్శించాడు. 1909 నవంబరులో ఆయనకు రాసిన ఉత్తరంలో ఆమె, చాలా తక్కువ డబ్బుకు ఒక పెద్ద పని ఇప్పుడే ముగించానని చెప్పుకుంది. ఆ పెద్ద పని ఇదే, ఆమె లెక్కలో 80 బొమ్మలు. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే ఊళ్లో ఆమె అప్పులతోనే కన్నుమూసింది. ఆ బొమ్మలు ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి.

కాంతివలయం, ఆకులు, తన్మయత్వం వెయిట్ చెప్పినవే కావచ్చు. కానీ తన్మయత్వాన్ని గీతల్లో చూపడం చెప్పినంత తేలిక కాదు. ఇంకొంచెం నవ్వు చేరిస్తే ఆ ముఖం వెర్రిదయ్యేది, ఇంకొంచెం కళ్లు వాల్చితే శవమయ్యేది. స్మిత్ కొద్ది గీతలతో, మేలుకుని ఉన్నా మనవైపు చూడని ముఖాన్ని గీసింది. వెనుక తెరను ఖాళీగా వదిలేయడంలో రంగస్థలం ఎరిగిన మనిషి నిర్ణయం నాకు కనిపిస్తుంది. అవమాన చిత్రానికి ప్రాణం చూసేవాళ్లు, దారిన పోయే జనం. వాళ్లను తీసేస్తే అవమానానికి తావు ఉండదు. అదే తాడు, అదే కాలు, అదే వంగిన మోకాలు ఉన్నా, వేలెత్తి చూపేవాడు లేని చోట ఆ మనిషి ద్రోహి కాలేడు. ఇక అతను ఎందుకు వేలాడుతున్నాడని ప్రశ్నించుకోవలసింది మనమే.

ఆ ప్రశ్నకు జవాబులు చాలా వచ్చాయి. ఉత్తర ఐరోపా పురాణంలో ఓడిన్ దేవుడు రహస్య లిపుల కోసం తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడాడు గనుక ఇది అతనే అన్నారు. ఆ పాత పద్యంలో అతను తలకిందులుగా వేలాడినట్టు ఎక్కడా లేదు, 15వ శతాబ్దపు మిలాన్‌లో ఆ పద్యం ఎవరైనా ఎరిగినట్టూ లేదు. తలకిందులుగా శిలువ వేయబడిన పీటర్ అన్నారు. పీటర్ బొమ్మల్లో రెండు కాళ్లూ శిలువకు కొట్టి ఉంటాయి, ఒక కాలు తాడు మీద ఉండదు. మన తెలుగువారికి ఈ కార్డు చూడగానే త్రిశంకుడు గుర్తుకు వస్తాడు, నాకూ వచ్చాడు. నన్నయ ఆదిపర్వంలోనే రెండు దృశ్యాలున్నాయి. ఒకటి, గరుడుడు ముక్కుతో పట్టుకుపోయిన కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేసుకుంటున్న వాలఖిల్యులు. వారికి ఆ భంగిమ తమంతట తాము ఎంచుకున్న సాధన. రెండోది, సంతానం లేని జరత్కారుడి పితృదేవతలు, ఎలుక కొరికేస్తున్న అవురుగడ్డి వేళ్లను పట్టుకుని తలకిందులుగా వేలాడే దృశ్యం. వారికి ఆ భంగిమ దుర్గతి. అంటే మన కావ్యంలోనూ తలకిందులుగా ఉండడానికి తపస్సు, దుర్దశ అనే రెండు ముఖాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇటలీ బొమ్మకూ ఆదిపర్వానికీ రాకపోకలు ఏమీ లేవు. ఉన్నాయని చెప్పే మాటలు మీరు వింటే ఆధారం అడగండి. కానీ ఈ కార్డులో శిక్షకు బదులు తపస్సును చూడడం తెలుగు ప్రేక్షకుడికి ఎందుకు తేలికో ఆ రెండు దృశ్యాలు చెబుతాయి. బొమ్మ పుట్టుక వేరు, చూసేవాడు దానికి తెచ్చేది వేరు. రెండూ చెప్పవచ్చు, ఏది ఏదో చెప్పి చెప్పాలి.

చివరగా, కార్డు తిరగబడి పడే సంగతి. టారో చదివేవారు ముక్క తలకిందులుగా వస్తే దాని అర్థం మారుతుందని అంటారు. మిగతా కార్డుల్లో దాదాపు అన్నిటిలో తిరగబడితే మనుషులు తలకిందులవుతారు, ఈ కార్డులో మాత్రం మనిషి నిటారుగా నిలబడతాడు. అంగీ జారకపోవడం గురించి మొదట్లో చెప్పిన వివరం ఇక్కడ పనికివస్తుంది. తిప్పి పట్టుకుంటే అతను ఒంటికాలి మీద, రెండో కాలు వెనక్కి మడిచి, నర్తకుడిలా ఉంటాడు. ఈ పేకలోనే 21వ ముక్క, తురుపుల్లో అన్నిటికంటే పైది, లోకం అనే పేరు గలది. అందులోని స్త్రీ సరిగ్గా ఇలాగే ఒక కాలు మరో కాలి వెనుక మడిచి నర్తిస్తుంది. 12 అంకెలను తారుమారు చేస్తే 21. ఇది కావాలని చేశారో లేదో గాని, ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని తిప్పి చూడమని నేను ప్రతి ఒక్కరినీ కోరుతాను.

మరి నిటారుగా నిలబడ్డాడు గనుక అతను విముక్తుడయ్యాడా? తిరగబడిన ఈ కార్డుకు వెయిట్ ఇచ్చిన అర్థాలు స్వార్థం, గుంపు. నాకు మొదట ఇవి అతకని మాటలుగా అనిపించాయి. బొమ్మను మళ్లీ మళ్లీ తిప్పి చూసినప్పుడు తాడు కనిపించింది. కార్డు తిరగేసినా తాడు తెగలేదు. అప్పటిదాకా పైనున్న అడ్డుదుంగ ఇప్పుడు అతని కాలి కింద నేల అయింది, తాడు అతన్ని ఆ నేలకు కట్టేసింది. చేతులు ఇంకా వెనుకే ఉన్నాయి. ఎవరు చూసినా అందరిలాగే నిలబడ్డ మనిషి అనుకుంటారు, కట్టు మాత్రం ఎవరి కంటా పడదు. గుంపు అనే మాటకు ఇంతకంటే తగిన బొమ్మ నాకు తోచడం లేదు.

ఇంతవరకు ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. మిలాన్ కార్డు, ఆంద్రేయా దెల్ సార్తో నమూనాలు, 1909 కార్డు మూడూ తెరపై పక్కపక్కనే ఉంచుతాను. వాటిని చూస్తూ మీరు అడిగే ప్రశ్నలకు జవాబు చెబుతాను.